కూర్చునే సంఘం

భిలాయిలో మా వైశాలి నగర్ పార్కులో తెల్లారేసరికి కొందరు పెద్దవాళ్ళు గుండ్రంగా నిలబడి నవ్వుతారు. జోకు ఉండదు, కబురు ఉండదు. మధ్యలో ఒకాయన చెయ్యెత్తగానే అందరూ ఒక్కసారి "హా హా హా" అని అందుకుంటారు. చెయ్యి దించగానే ఆపేస్తారు. నవ్వు ఆగిన తర్వాత ఆ మొహాలు తడిగుడ్డతో తుడిచిన పలకల్లా ఉంటాయి. మా కిటికీలోంచి ఆ మొహాలు కనిపించినప్పుడల్లా ఒళ్ళు జలదరించి తలుపు మూసేసేదాన్ని. అది కూడా రిజిస్టరైన సంస్థేననీ, దానికి అధ్యక్షుడూ కార్యదర్శీ కోశాధికారీ ఉన్నారనీ నాకు మొన్నమొన్నటిదాకా తెలీదు.

తెలియడానికి కారణం రాయపూర్ నుంచి వచ్చిన ఒక ఫోను. నేను కాలేజీలో సోషియాలజీ చెప్పి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు అడిగి అడిగి అలిసిపోయారు. అలాంటి మనిషి ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చుందంటే లోకం చూసి ఓర్వలేదు కదా, ఎవరో నా పేరు చెప్పారు. రాష్ట్రంలో ఉన్న స్వచ్ఛంద సంస్థలన్నిటికీ కలిపి ఒక డైరెక్టరీ వేస్తున్నారట, భిలాయి వైపు తిరిగి చూసి రావాలట. ఆ పని చూసే ఆఫీసరు మేడమ్ హిందీలో ముక్తసరిగా మాట్లాడింది.

"సంస్థ బతికుందా, చచ్చిపోయిందా, అంతే రాయండి."

"బతికుందని ఎలా తెలుస్తుంది?"

"మీ ఎదుట మీటింగు పెట్టమనండి. హాజరు పిలవమనండి. సంఘం అన్నాక కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఏడుగురూ పలికితే బతికున్నట్టు. లేకపోతే 'మృత్' అని రాసెయ్యండి."

నాకు నచ్చింది. నాన్చుడు వ్యవహారం నాకు మొదట్నుంచీ గిట్టదు. స్కూటీకి పెట్రోలు కొట్టించుకుని బయల్దేరాను.

అప్పుడు తెలిసింది, నేను పుట్టి పెరిగిన ఊరి కింద ఇంకో ఊరు ఉందని. ఆవులకు ఒక సంస్థ, వీధికుక్కలకు ఒక సంస్థ. రెండూ పక్కపక్క వీధుల్లోనే ఉన్నా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. కళ్ళ దానానికి ఒకటి, రక్తదానానికి ఒకటి, మొత్తం దేహదానానికి మరొకటి. మనిషిని వాటాలు వేసుకున్నట్టుండేది నాకు. బెంగాలీ వాళ్ళ నాటకాలకు, మలయాళీల చెండ వాయిద్యాలకు, ఒడియా వాళ్ళ రథానికి, ఛత్తీస్‌గఢీ రామాయణ మండలికి వేరువేరు సంఘాలు. పక్కనే ఉన్న కోహ్కాలో విస్తరాకులు కుట్టే ఆడవాళ్ళ గుంపు. ఫర్నేసుల దగ్గర పనిచేసి చెవులు దెబ్బతిన్నవాళ్ళ సంఘం ఒకటుంది. వాళ్ళు మీటింగులో ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ ఉంటే తగాదా అనుకుని మధ్యలోకి వెళ్ళాను. తీరా చూస్తే టీలో పంచదార గురించి.

పాములు పట్టేవాళ్ళ సంస్థ ఆఫీసులో నాకు మర్యాదగా కుర్చీ వేసి టీ ఇచ్చారు. సగం తాగాక బల్ల కింద ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము మూత దానంతటదే కదిలింది. "పొద్దున్న దొరికింది దీదీ, సాయంత్రం అడవిలో వదిలేస్తాం, మీరు టీ తాగండి" అన్నాడు కార్యదర్శి. తాగాను. భయపడినట్టు కనిపించడం నాకు నామోషీ.

చచ్చిపోయిన సంస్థలు కూడా చాలానే కనిపించాయి. పేరు గొప్ప, ఊరు దిబ్బ. తలుపు మీద బోర్డు ఉంటే లోపల మనుషులు ఉండరు, మనుషులు ఉన్నచోట బోర్డు ఉండదు. కోహ్కాలోనే ఒక మహిళా వికాస సంస్థ చిరునామా వెతుక్కుంటూ వెళ్ళాను. తలుపుకి తాళం ఉంది, కిటికీ తెరిచి ఉంది. లోపల గోడకి "స్వాగతం" అని హిందీలో గుడ్డ కట్టి ఉంది. వరసలుగా కుర్చీలు, ప్రతి కుర్చీ మీద ఒక ప్లాస్టిక్ పువ్వు, ముందు బల్ల మీద మైకు. అన్నిటి మీదా ఒకే మందాన దుమ్ము. పక్కింటావిడని అడిగితే "ఎప్పుడూ అలాగే ఉంటుంది దీదీ, ఎవరో ముఖ్య అతిథి రావాలట" అంది. ఆ రోజు ఇంటికొచ్చి స్నానం చేసినా ఆ దుమ్ము నా మీద ఉన్నట్టే అనిపించింది.

ఇన్ని చూశాక, రాయపూర్ వాళ్ళు పంపిన పేర్లలో మా తెలుగువాళ్ళ సంఘం ఒకటి కనిపించేసరికి నవ్వొచ్చింది. స్టీలు ప్లాంటు క్వార్టర్లుండే సెక్టర్ 2 చిరునామా. నేను పుట్టిన చోటు. దానికి ఏదో పొడుగాటి పేరుండేది కానీ, మేమెవరమూ ఆ పేరుతో పిలిచేవాళ్ళం కాదు. కూర్చునే సంఘం అనేవాళ్ళం.

ప్లాంటులో ఉద్యోగాలకని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చిన మొదటి తరం వాళ్ళు పెట్టుకున్నది అది. ఇక్కడ ఎవరైనా పోతే అయినవాళ్ళు అక్కడ్నించి బండెక్కి రావాలి. వాళ్ళు వచ్చేదాకా పోయిన మనిషిని ఒంటరిగా వదలకూడదు. అందుకని వంతులు వేసుకుని పక్కన కూర్చునేవాళ్ళు. ఆ సంఘం అన్నం పెట్టదు, చందాలు వసూలు చెయ్యదు, మొక్కలు నాటదు. కూర్చుంటుంది. అంతే దాని సేవ. మా నాన్న రైల్ మిల్లులో ఇంజనీరు. ఒక్కోసారి ఆయన డ్యూటీ దిగి, స్నానం చేసి, ఇనప మడత కుర్చీ సైకిలు వెనకాల కట్టుకుని వెళ్ళేవాడు. "మీ నాన్న కూర్చోడానికి వెళ్ళేరు, గొడవ చెయ్యకండి" అనేది అమ్మ. మేం గొడవ చేసేవాళ్ళం కాదు.

ఫ్రీజర్ బాక్సులు వచ్చాక ఆ సంఘం ఎప్పుడో పోయి ఉంటుందనుకున్నాను. అయినా ఫోను చేస్తే ఎత్తారు. ఎత్తింది నాకు చిన్న క్లాసుల్లో పాఠాలు చెప్పిన టీచర్. ప్లాంటు స్కూల్లోనే జన్మంతా గడిపిన మనిషి, ఆవిడా నాలాగే ఒంటిది.

"ఏటే, నువ్వా! ఇన్నాళ్ళకి గుర్తొచ్చేనా? మొదటి ఆదివారం రా. షిఫ్టు మారే వేళకి. మీటింగుంటాది" అంది.

మిట్టమధ్యాహ్నం షిఫ్టు మారే వేళకి మీటింగు పెట్టడం వాళ్ళ పాత అలవాటు. పొద్దుటి షిఫ్టు దిగినవాళ్ళూ మధ్యాహ్నం షిఫ్టు ఎక్కేవాళ్ళూ ఒకే చోట దొరికేది అప్పుడేనని. మే నెల. రోడ్డు మీద కాకి కూడా లేదు. వడగాలిలో స్కూటీ తోలుకుంటూ వెళ్ళేసరికి కళ్ళు మండిపోయి బైర్లు కమ్మాయి. టీచర్ క్వార్టరు వెనకాల ఒక షెడ్డు ఉంది, సంఘం గది అదే. కిటికీలకి తడిపిన వట్టివేళ్ళ తడికలు, మూల కూలరు. లోపలికి అడుగు పెడితే నాకు చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. ఎవరిదో చెయ్యి నా మోచెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఆలస్యంగా వచ్చేవు. హాజరు మొదలెట్టేసేరు" అంది టీచర్ నా చెవి దగ్గర.

ఒక మగగొంతు పిలుస్తోంది. పేర్లు కాదు, పనిచేసిన చోటు. అది కూడా పాత అలవాటే, ప్లాంటులో మనిషికి ఇంటిపేరు అతని షాపే.

"బ్లాస్ట్ ఫర్నేసు?"

"ఉన్నానండీ." బొంగురు గొంతు.

"కోక్ ఓవెన్?"

ఎవరో దగ్గారు. దగ్గి, "ఉన్నా" అన్నారు.

"ప్లేట్ మిల్లు?"

"హాజిర్."

"హాస్పటలు?"

"ఉన్నానమ్మా." సన్నటి గొంతు, ఎక్కడో లోపల్నించి వచ్చినట్టు.

నేను ఒళ్ళో చెయ్యి పెట్టుకుని వేళ్ళ మీద లెక్కపెడుతున్నాను. ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికి వచ్చాను. ఏడు దాటింది. పరవాలేదే, మా వాళ్ళు బతికే ఉన్నారు అనుకున్నాను. ఉన్నమాట చెప్పొద్దూ, గర్వంగా కూడా అనిపించింది.

"రైల్ మిల్లు?"

"ఉన్నాం, ఉన్నాం."

నా వేళ్ళు ఆగిపోయాయి. అమ్మ వంటింట్లోంచి "ఉన్నారా?" అని కేకేస్తే, ముందు గదిలో పేపరు చదువుకుంటూ నాన్న అలాగే అనేవాడు. ఒక్కడే అయినా "ఉన్నాం" అని, అదీ రెండుసార్లు, రెండోది కొంచెం విసుగ్గా. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కూలరు గాలికి చెమట ఆరి వీపు చల్లబడింది.

మెల్లమెల్లగా కళ్ళకి చీకటి అలవాటైంది. గుండ్రంగా ఇనప మడత కుర్చీలు కనిపించాయి. అన్నీ ఖాళీ. ఒకదాంట్లో టీచర్ ఉంది. ఎదురుగా ఒకాయన ఉన్నాడు. ప్లాంటు లోపలి రైలింజన్లు నడిపి రిటైరైన మనిషి, అందరూ లోకో మావయ్య అంటారు. వాళ్ళ నాన్న చర్చి, వాళ్ళ అమ్మ గుడి. అందుకని ఆదివారం ప్రార్థన అయ్యాక దారిలో హనుమంతుడికి కూడా దండం పెట్టుకుని వస్తాడు. ఆ గదిలో నేను కాక ఆ ఇద్దరే ఉన్నారు.

"ఏటి టీచర్ ఈ నాటకం?" అన్నాను. నాకు ఒళ్ళు మండింది.

"నాటకం ఏటే? హాజరు" అంది ఆవిడ. "చచ్చిపోయినంత మాత్రాన సంఘం లోంచి పేరు తీసెయ్యమే. ఆఖర్న పక్కన ఎవరు కూర్చుంటే, ఆ మనిషికి ఇంక వాళ్ళే పలకాలి. అది మా రూలు. మొదట్నించీ ఉన్నదే. మీ నాన్నా పలికేరు చాలామందికి."

లోకో మావయ్య తలూపాడు. "నాను కొందరికి పలుకుతాను. టీచరమ్మ ఎక్కువమందికి పలుకుతాది. ఎక్కువమందికి ఆవిడే కూకుంది మరి."

నాన్న పోయినప్పుడు నేను జగదల్‌పూర్‌లో పరీక్షల డ్యూటీలో ఉన్నాను. కబురు అందేసరికి బస్సులు లేవు. మర్నాడు వచ్చేసరికి నాన్న పక్కన కుర్చీలో టీచర్ ఉంది, ఆవిడ కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. ఆ విషయం నాకు గుర్తే. ఆ కూర్చోవడం ఇంకా అయిపోలేదని మాత్రం ఆ మధ్యాహ్నమే తెలిసింది.

"సరే, మీరే పలికేరు. ఆ గొంతేటి?" అన్నాను.

"గొంతేటి? నా గొంతే కదే."

ఆవిడ నిజంగానే తెలియక అడిగింది. నేను లోకో మావయ్య వైపు చూశాను. ఆయన మెడలో సిలువని వేళ్ళతో తిప్పుకుంటూ తడికల వైపు చూస్తున్నాడు.

"నాన్న దగ్గర కూర్చున్నప్పుడు ఆయనకేం చెప్పేరు?" అని అడిగాను.

"కబుర్లు చెప్పేను. ఏం కబుర్లో చెప్పకూడదు. అదీ రూలే. కుర్చీ ఖాళీగా ఉంచకూడదు, ఏడవకూడదు, ఆ రోజు సంగతులు చెప్తూ ఉండాలి. చెప్పింది వాళ్ళకే." చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "ఇద్దరమే మిగిలేమే. చచ్చిపోడానికి నాకు భయం లేదు. ఆ తర్వాత ఒక్కర్తినీ ఉండిపోవాలంటే మాత్రం చచ్చే భయం. మేనల్లుడు బొబ్బిలి నించి రావాలి. ఆడొచ్చేదాకా నా దగ్గరెవరుంటారు? నాకెవరూ కూర్చోకపోతే నేను పలికే వీళ్ళందరూ ఏటయిపోతారు?"

నన్ను కూర్చోమని ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే కుదరదని చెప్పి వచ్చేసేదాన్ని.

"ఇప్పుడు బాక్సులు వచ్చేసేయి టీచర్. ఎవరూ కూర్చోనక్కర్లేదు."

"బాక్సు చల్లగా ఉంచుతాది. తోడుంటాదేటి?"

ఇంటికొచ్చి ఉన్నది ఉన్నట్టు రాయపూర్‌కి చెప్పాను. సభ్యులు ఇద్దరు. మేడమ్ "మృత్" అంది, నేనూ అదే రాశాను. అబద్ధం రాయడం నా వల్ల కాదు. కానీ ఆ వారమంతా ఎవరైనా తలుపు కొట్టి "ఎవరున్నారు?" అంటే 'ఉన్నాను' అనకుండా వెళ్ళి తలుపు తీసేదాన్ని.

వానలు పడ్డాయి. ఒక పొద్దున్న లోకో మావయ్య ఫోను చేశాడు. టీచర్ నిద్రలోనే పోయింది. పాలు పోసే మనిషి చూసి ఆయనకి చెప్పింది. మేనల్లుడు బయల్దేరాడు కానీ రాయగడ దగ్గర లైను మీద మట్టి జారి బండి ఆగిపోయింది.

"నాను కూకున్నాను బేటీ. గానీ నాకు షుగరు. సూది వేసుకోవాల, నాలుగు మెతుకులు తినాల. నువ్వొక్క పది నిమిషాలు వస్తే ఎల్లొచ్చేస్తాను" అన్నాడు.

పది నిమిషాలకేం అని వెళ్ళాను. సెక్టర్ 2 రోడ్ల మీద మోకాటి దాకా నీళ్ళు. ముందు గదిలో ఫ్రీజర్ బాక్సు, దాని అద్దం లోంచి టీచర్ మొహం, పక్కన ఇనప కుర్చీ. లోకో మావయ్య నేను కుర్చీలో సరిగా కూర్చునేదాకా లేవలేదు. నేను ఒక అంచున కూర్చుంటే తను రెండో అంచు వదిలాడు. కుర్చీ ఖాళీ అవ్వకూడదు కదా. గొడుగు వేసుకుని వెళ్ళినవాడు వెళ్ళినట్టే. తర్వాత తెలిసింది, మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయాడనీ, పక్కింటివాళ్ళు హాస్పటలుకి తీసుకెళ్ళారనీ.

మొదట కాసేపు నేనేం మాట్లాడలేదు. చచ్చిపోయిన మనిషితో కబుర్లేమిటి, చాదస్తం. వాన హోరు, బాక్సు మోటారు చప్పుడు. కాసేపటికి ఆ ఊరుకోవడమే నాకు భరించరానిదైపోయింది. కోపంగానే మొదలుపెట్టాను. "పది నిమిషాలన్నాడు టీచర్, ఎంతకీ రాడేం మీ లోకో" అన్నాను. తర్వాత నీళ్ళలో స్కూటీ ఆగిపోయిన సంగతి చెప్పాను. పాముల వాళ్ళ డ్రమ్ము సంగతి, చెవుడు సంఘం వాళ్ళ పంచదార సంగతి చెప్పాను. కోహ్కాలో ముఖ్య అతిథి కోసం ఎదురుచూస్తున్న కుర్చీల సంగతి చెప్పాను. చెప్తూ ఉంటే బాగుంది. మంచి శ్రోత దొరికితే ఎవరికైనా హుషారు వస్తుంది, ఎక్కడ ఆగితే అక్కడ ఊఁ కొడుతూ ఉంటే.

అప్పుడు తట్టింది, ఎవరో ఊఁ కొడుతున్నారని.

మోటారు అనుకున్నాను. దాని మూలుగు ఆగి ఆగి వస్తోంది, అది నాకు అలా వినిపిస్తోంది. చదువుకున్నదాన్ని, ఆ మాత్రం తెలీదా? నాకు నేనే చెప్పుకుని మళ్ళీ మొదలుపెట్టాను. అంతలో పెద్ద ఉరుము ఉరిమి కరెంటు పోయింది. పట్టపగలే గది మసకబారింది. మోటారు ఆగిపోయింది, ఫ్యాను ఆగిపోయింది. ఊఁ మాత్రం ఆగలేదు.

 లేచి పరిగెత్తాలనిపించింది. నేను లేస్తే కుర్చీ ఖాళీ అవుతుంది. ఆవిడ జన్మలో భయపడింది ఆ ఒక్కదానికే. ఆ మాట తలచుకునేసరికి భయం కంటే పెద్దది ఏదో వచ్చి నన్ను కుర్చీకి అదిమిపెట్టింది. రెండు చేతులతో ఆ ఇనప చట్రం పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నాను. కాసేపటికి భయం తగ్గింది. ఎప్పటినించో మా నాన్న గురించి అడగాలనుకున్నది ఒకటి ఉంది, అది అడిగాను. ఏమడిగానో, ఆవిడేమందో ఇక్కడ రాయను. రూలు రూలే.

కరెంటు వచ్చాక బాక్సు మళ్ళీ మూలగడం మొదలుపెట్టింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మేనల్లుడు వచ్చాడు. రాయగడలో బండి దిగిపోయి కార్లో వచ్చాడట. గుమ్మంలో నిలబడి గదంతా కలయజూశాడు.

"రెండో ఆవిడ వెళ్ళిపోయారా అండీ?" అన్నాడు.

"రెండో ఆవిడెవరు?"

"ఇందాకా వచ్చేను నేను. లోపల ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు కదా, మధ్యలో రావడం ఎందుకని వసారాలో ఆగేను."

 అతను వచ్చి కూర్చోకుండా నేను కుర్చీ లోంచి లేవలేనని చెప్పి, అతను ఒక అంచున కూర్చున్నాక రెండో అంచు వదిలాను. అది నాకెవరూ నేర్పలేదు, పొద్దున్న చూశానంతే.

క్వార్టరు ప్లాంటుకి వెనక్కి వెళ్ళిపోయింది. షెడ్డులో కుర్చీలు ఏం చెయ్యాలని మేనల్లుడు అడిగితే, పాతసామాన్ల వాడికి ఇచ్చెయ్యమందామని నోరు తెరిచి, మా ఇంటికి పంపమన్నాను. వైశాలి నగర్‌లో మా ముందు గది చిన్నది. గుండ్రంగా వేస్తే మనిషి నడవడానికి దారి లేదు. పనిమనిషి "ఇన్ని కుర్చీలు ఎందుకు దీదీ, ఎవరొస్తారు?" అని గొణుక్కుంటూ తుడిచేది. కొన్నాళ్ళకి తుడవడం మానేసింది. వాటి మీద దుమ్ము పడటం లేదు దీదీ, అంది. వంగి చూశాను. నిజమే. టీవీ మీద ఉంది, అల్మరా మీద ఉంది, వాటి మీద లేదు.

డైరెక్టరీ అచ్చై వచ్చింది. ఇటుకరాయంత లావు. నవ్వేవాళ్ళ సంఘం ఉంది, ఆవులూ కుక్కలూ ఉన్నాయి, పాములున్నాయి. కోహ్కా మహిళా వికాస సంస్థ కూడా ఉంది. ముఖ్య అతిథి వచ్చాడేమో మరి. కూర్చునే సంఘం లేదు. ఉండదు కదా, చచ్చిపోయిందని రాసింది నేనే. ఆ పుస్తకం చేతుల్లో పట్టుకుని, ఇందులోకి ఎక్కనివి ఇంకెన్ని ఉన్నాయో అనుకున్నాను. అందులో ఎన్నిటికి హాజరు జరుగుతోందో అనుకున్నాను.

మొదటి ఆదివారం షిఫ్టు మారే వేళకి లోకో మావయ్య చేతికర్ర పొడుచుకుంటూ మా ఇంటికి వచ్చాడు. హాస్పటలు నించి వచ్చాక మనిషి సగం అయిపోయాడు. "పరదాలు ఏసీయమ్మా" అన్నాడు. వేశాను. ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన పిలవడం మొదలుపెట్టాడు. టీచర్ పలికినవాళ్ళందరికీ ఇప్పుడు నేను పలకాలి.

"బ్లాస్ట్ ఫర్నేసు?"

"ఉన్నాను" అన్నాను క్లాసులో అటెండెన్సుకి పలికినట్టు. గొంతు నాదే. కోక్ ఓవెన్‌కీ నాదే. ఫరవాలేదు అనుకున్నాను.

"రైల్ మిల్లు?"

"ఉన్నాం, ఉన్నాం."

అలా అనాలని నేను అనుకోలేదు. రెండోది కాస్త విసుగ్గా వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చాలా ఏళ్ళ తర్వాత నాన్న నాకు అంత దగ్గరికి వచ్చాడు. లోకో మావయ్య తల ఎత్తలేదు.

"స్కూలు?"

"ఉన్నానే" అన్నాను. టీచర్ అలాగే అనేది.

 ఆ తర్వాత ఆయన కొత్తగా ఒకటి పిలిచాడు.

"కాలేజీ?"

అది నేనని తెలియడానికి ఒక్క క్షణం పట్టింది. "ఉన్నాను" అన్నాను. అన్ని గొంతుల తర్వాత నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, మిగతావాటికీ దానికీ పెద్ద తేడా లేదు.

పరదాలు తీశాక ఆయన వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు.

"నాకు నువ్వున్నావు బేటీ. ఆ బెంగ తీరిపోనాది. మరి నీకెవులు కూకుంటారు?"

"నా సంగతి తర్వాత చూద్దాం మావయ్యా" అన్నాను. మాట పైకి అన్నాను కానీ, ఆయన వెళ్ళాక ఆ కుర్చీల మధ్య నిలబడి ఏడ్చాను. ఇన్ని సంస్థలు తిరిగాను, ప్రతిదానికీ బతికుందో లేదో రాశాను. నేను పోతే పలకడానికి ఒక్కరు లేరు. నేను పలికే ఇంతమంది నాతోనే పోతారు. టీచర్ భయం నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

మర్నాడు తెల్లారి పార్కుకి వెళ్ళాను. నవ్వేవాళ్ళు గుండ్రంగా నిలబడి ఉన్నారు. నన్ను చూసి ఎవరూ ఏమీ అడగలేదు, కాస్త జరిగి చోటిచ్చారు. మధ్యలో ఆయన చెయ్యెత్తాడు. అందరితో పాటు నేనూ "హా హా హా" అన్నాను. చెయ్యి దించాడు. నవ్వు ఆగిపోయింది. నా పక్కన స్వెట్టరు వేసుకున్న ఒకావిడ ఉంది, నా వయసే ఉంటుంది. నవ్వు తుడిచేసిన ఆ మొహాన్ని అంత దగ్గర్నించి మొదటిసారి చూశాను. అది ఎవరికోసమో చూస్తున్న మొహం.

"దీదీ, మీకు కూర్చోవడం వచ్చా?" అని అడిగాను.